విదేశ శిక్షణ నుంచి తిరిగొచ్చిన ఉపాధ్యాయుడు ఊరి బడికి సాయం కూడగట్టడం ఎలా?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సో ఇంగ్లీషో చెప్పే ఉపాధ్యాయుడు ఆరు వారాల శిక్షణకు అమెరికా వెళ్లి వచ్చాడంటే ఊళ్లో రెండు జరుగుతాయి. మొదటిది సన్మానం. రెండోది, ఆ సన్మాన సభలోనే ఎవరో ఒకరు లేచి, "మాస్టారూ, అక్కడ మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు కదా, మన బడికి ఏదైనా చేయించండి" అని అడగడం. అడిగిన మనిషి ఉద్దేశం మంచిదే. అయితే ఆ మాట పట్టుకుని ఉపాధ్యాయుడు వరుసగా ఫోన్లు చేసి, తన బ్యాంకు ఖాతా నంబరు పంపి, వచ్చిన డబ్బుతో నాలుగు కంప్యూటర్లు కొంటే, ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ల మీద దుమ్ము, లెక్కల మీద అనుమానం మిగులుతాయి. పదవీ విరమణకు ముందు ప్రధానోపాధ్యాయుడిగా ఇలాంటి సాయాన్ని అందుకునే వైపు నిలబడినవాణ్ని కాబట్టి, ఈ పని ఎక్కడ కుదురుతుందో ఎక్కడ చెడుతుందో దగ్గర నుంచి చూశాను. మా బడిలో జరిగిన పొరపాట్లను కూడా దాచకుండా, చేయవలసిన క్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను.

బయలుదేరే ముందు

ప్రభుత్వ ఉపాధ్యాయుడు విదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టుకు నిరభ్యంతర పత్రం, ప్రయాణానికి శాఖాపరమైన అనుమతి, సెలవు మంజూరు అవసరమని అందరికీ తెలుసు. వాటితోపాటు మరొక చిన్న కాగితం సిద్ధం చేసుకోవాలి. అది బడిని గురించి ఒకే పేజీలో రాసిన పరిచయం. బడి పేరు, 11 అంకెల యూడైస్ కోడు (ప్రభుత్వ లెక్కల్లో ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య), తరగతి వారీగా పిల్లల సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య, తరగతి గదులెన్ని, వాటిలో వాడుకకు పనికివచ్చేవెన్ని, నీళ్ల వసతి, ఆడపిల్లల మరుగుదొడ్లలో పనిచేస్తున్నవెన్ని అన్నవి అందులో ఉండాలి. తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒక ప్రతి ఉంచుకోవాలి. యూడైస్ కోడు ఎందుకంటే, వినే మనిషి ఇంటికి వెళ్లి ఆ కోడుతో బడి వివరాలను తానే సరిచూసుకోగలడు. మనం చెప్పిన లెక్కకూ ప్రభుత్వ లెక్కకూ తేడా ఉంటే ఆ తేడా ఎందుకొచ్చిందో ముందే తెలుసుకుని ఉండాలి.

గదుల ఫోటోలు తీసుకోండి కాని పిల్లల ముఖాలు వద్దు. ఈ విషయం మళ్లీ వస్తుంది.

అక్కడ ఉన్నప్పుడు ఏమి చూడాలి

అమెరికా ప్రభుత్వం విదేశీ ఉపాధ్యాయుల కోసం నడిపే ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్ వంటి కార్యక్రమాల్లో ఉపాధ్యాయులు ఒక విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందుతూ, దగ్గరలోని మాధ్యమిక పాఠశాలకు వెళ్లి అక్కడి పాఠాలను స్వయంగా చూస్తారు. మొదటి వారమంతా కళ్లు ప్రయోగశాలల మీద, గ్రంథాలయం మీద, పిల్లలకొక్కొక్కటిగా ఉన్న ల్యాప్‌టాప్‌ల మీద నిలిచిపోతాయి. వాటిని చూసి నిట్టూర్చడంలో తప్పు లేదు కాని, వాటిలో మనం వెంట తెచ్చుకోగలిగింది ఏమీ లేదు. తెచ్చుకోగలిగింది వేరే ఉంది. అక్కడి ఉపాధ్యాయుల గదిలో కూర్చుని, "మీకు కావలసినవి ఎలా తెప్పించుకుంటారు?" అని అడిగితే అది బయటపడుతుంది.

అమెరికా ప్రభుత్వ బడుల్లో సైతం ఉపాధ్యాయులు పెన్సిళ్లకూ కాగితాలకూ ప్రయోగ సామగ్రికీ సొంత డబ్బు ఖర్చు పెడతారు. ఇది ఎంత మామూలు విషయమంటే, అక్కడి ఆదాయపు పన్ను చట్టంలోనే దీనికి ప్రత్యేక మినహాయింపు ఉంది. చాలా ఏళ్లు 250 డాలర్లుగా ఉన్న ఆ పరిమితి 2022 పన్ను సంవత్సరం నుంచి 300 డాలర్లయింది. ఈ అవస్థలోంచే 2000లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో చార్లెస్ బెస్ట్ అనే ఉపాధ్యాయుడు డోనర్స్‌చూజ్ అనే సంస్థను మొదలుపెట్టాడు. ఉపాధ్యాయుడు తన తరగతికి కావలసిన వస్తువును, దాని ధరను, అది ఏ పాఠానికి పనికివస్తుందన్నదాన్ని రాస్తాడు. దాతలు తలా కొంత వేస్తారు. మొత్తం పూర్తయ్యాక సంస్థే ఆ వస్తువు కొని నేరుగా బడికి పంపుతుంది. ఉపాధ్యాయుడి చేతికి డబ్బు రాదు. వస్తువు అందాక తరగతి ఫోటో, ఉపాధ్యాయుడి ఉత్తరం, ఖర్చు వివరం దాతకు చేరతాయి.

వస్తువు స్పష్టంగా ఉండాలి, ధర కనిపించాలి, డబ్బు ఉపాధ్యాయుణ్ని తాకకూడదు, లెక్క తిరిగి వెళ్లాలి. విమానం ఎక్కించి తేవలసిన సామాను ఈ నాలుగు అలవాట్లే. ఈ వ్యాసంలో మిగిలినదంతా వాటిని మన చట్టాలకూ మన బడి పద్ధతులకూ అమర్చుకోవడమే.

అక్కడి తెలుగువారి ఇళ్లకు భోజనాలకు పిలుస్తారు. వెళ్లండి. అడిగితే బడి గురించి చెప్పండి, పరిచయ పత్రం ఇవ్వండి. ఆ రాత్రే విరాళం ప్రస్తావన తేవద్దు. పప్పూ గోంగూరా పెట్టిన చేతిని వెంటనే చెక్కు అడిగితే, ఇచ్చేవారు సైతం ఇబ్బంది పడతారు.

తిరిగొచ్చాక: అవసరాల పట్టిక

మొదటి నెల రోజులు ఎవరికీ ఫోన్ చేయకుండా పట్టిక తయారుచేయాలి. దీనికి చట్టమే దారి చూపిస్తుంది. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేయవలసింది ఆ కమిటీయే, ప్రభుత్వ నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని కూడా చట్టం చెబుతోంది. కమిటీల పేర్లూ రూపాలూ మారుతుంటాయి. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల సారథ్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు బడి పనులు చూస్తున్నాయి. మీ బడిలో ఏ కమిటీ అమల్లో ఉంటే ఆ కమిటీ ముందు కూర్చుని రాయాలి.

పట్టికను రెండు భాగాలు చేయండి. మొదటి భాగంలో ప్రభుత్వం ఇచ్చి తీరవలసినవి రాయాలి. విద్యా హక్కు చట్టం అనుబంధం ప్రకారం ఒక్కొక్క ఉపాధ్యాయుడికి ఒక తరగతి గది, తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె, గ్రంథాలయం బడికి ఉండవలసినవే. బడుల కోసం కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు, ఉదాహరణకు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి 50,000 రూపాయలు, చిన్న మరమ్మతులకూ కరెంటు బిల్లుకూ బోధన సామగ్రికీ ఉద్దేశించినదే, అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వాడాలి. ఈ భాగంలోని ప్రతి అంశానికీ మండల విద్యాశాఖాధికారికి లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టి, అందినట్టు సంతకం తీసుకుని ఫైలులో ఉంచాలి. ఆ పని చేయకుండా ప్రహరీ గోడకు కాలిఫోర్నియాలో చందా అడగడం నా దృష్టిలో సరికాదు. మరుసటి ఏడాది అదే గోడ ప్రభుత్వ పథకంలో మంజూరైతే దాతకు ఏమి సమాధానం చెబుతాం? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన మన ఊరు-మన బడి వంటి పథకాలు గోడలూ గచ్చులూ మరుగుదొడ్లూ చాలా బడులకు సమకూర్చాయి, కొన్నిచోట్ల సగంలో ఆగాయి. మీ బడి ఏ జాబితాలో ఉందో, ఏ పని ఏ దశలో ఉందో ముందు తెలుసుకోవాలి.

రెండో భాగంలో, ప్రభుత్వ పద్దుల్లో సాధారణంగా చోటు దొరకని చిన్న వస్తువులను రాయాలి. ఇక్కడే మాట స్పష్టత అవసరం. "మా బడికి డిజిటల్ సౌకర్యాలు కావాలి" అన్న వాక్యానికి ఎవరూ స్పందించరు, స్పందించినా ఏమి కొనాలో తెలియదు. "8వ తరగతి జీవశాస్త్రంలో కణం పాఠానికి 42 మంది పిల్లలకు ఒకే ఒక్క సూక్ష్మదర్శిని ఉంది, దానికీ అద్దం లేదు. ఆరుగురికొకటి చొప్పున ఏడు కావాలి, ఒక్కొక్కదాని ధర ఇంత, రెండు దుకాణాల కొటేషన్లు జతపరిచాము, ఫలానా ఉపాధ్యాయురాలు వాడతారు, ఫలానా బీరువాలో ఉంటాయి" అని రాస్తే, చదివిన మనిషికి ఆ తరగతి గది కళ్లకు కడుతుంది. వాడే మనిషి పేరూ ఉంచే చోటూ రాయలేని వస్తువును పట్టికలోంచి కొట్టేయండి. ఈ ఒక్క నియమంతో మా పట్టిక మొదటిసారి సగానికి తగ్గింది.

డబ్బు నడిచే దారి

చాలామంది ఉపాధ్యాయులు మంచి మనసుతోనే ఇక్కడ చిక్కుల్లో పడతారు. కాబట్టి దీనిని నెమ్మదిగా చదవండి.

మొదటిది ఉద్యోగ నియమాలు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వ ఉద్యోగి చందాలు అడగడం గానీ వసూలు చేయడం గానీ కుదరదు. కాబట్టి కమిటీ తీర్మానం నకలును జతచేసి, ప్రధానోపాధ్యాయుడి ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి రాసి అనుమతి పొందిన తరువాతే మొదటి ఉత్తరం బయటకు వెళ్లాలి. ఉపాధ్యాయుడి సొంత ఖాతా, ఆయన భార్య ఖాతా, ఫోన్‌లోని చెల్లింపుల నంబరు, విదేశంలోని స్నేహితుడు ఆయన పేరిట తెరిచిన చందాల పేజీ, వీటిలో ఏదీ వాడకూడదు.

రెండోది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010. ప్రభుత్వ ఉద్యోగి విదేశీ విరాళం స్వీకరించడాన్ని ఈ చట్టం సూటిగా నిషేధిస్తుంది. అయితే విదేశం నుంచి వచ్చిన ప్రతి రూపాయీ విదేశీ విరాళం కాదు. తేడా దాత ఎక్కడ ఉన్నాడన్నదాన్ని బట్టి కాదు, ఏ దేశ పౌరుడన్నదాన్ని బట్టి వస్తుంది. డాలస్‌లో ఉంటూ భారత పాస్‌పోర్టుతోనే ఉన్న మన ఊరి అబ్బాయి తన సొంత సంపాదన నుంచి సాధారణ బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అదే వీధిలో ఉంటున్న అతని బాబాయి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఆయన విదేశీ దాత కిందికే వస్తాడు. పేరు తెలుగుదే, ఊరు మనదే, బడిలో చదివింది కూడా ఆయనే, అయినా చట్టం దృష్టిలో తేడా అంతే. అందుకే ప్రవాస భారతీయుడి నుంచి విరాళం తీసుకునే సంస్థ భారత పాస్‌పోర్టు నకలు తీసుకుని ఉంచుకోవడం మేలు. అడగడానికి మొహమాటపడవద్దు, ఎందుకో ఒక వాక్యంలో వివరిస్తే ఎవరూ నొచ్చుకోరు.

అమెరికా పౌరుడైన పెద్దమనిషి తప్పనిసరిగా ఇవ్వాలనుకుంటే ఆయనకున్న సరైన మార్గం ఆ చట్టం కింద నమోదైన ట్రస్టు లేదా సొసైటీ. అలాంటి సంస్థలన్నీ విదేశీ విరాళాలను న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తరువాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని వేరొక సంస్థకు బదిలీ చేయడం పూర్తిగా నిషిద్ధం. అంటే హైదరాబాద్‌లో నమోదైన సంస్థ డబ్బు తీసుకుని మీ ఊరి పూర్వ విద్యార్థుల సంఘానికి పంపడం కుదరదు. ఆ సంస్థే తన కార్యక్రమంగా ఖర్చు పెట్టి, మీ బడిలో పని చేయాలి. కాబట్టి ఏ సంస్థతోనైనా మాట్లాడేటప్పుడు, "మీ నమోదు ఇప్పటికీ అమల్లో ఉందా? మా మండలంలో మీరే నేరుగా పని చేస్తారా?" అన్నవి మొదటి ప్రశ్నలు కావాలి. "మా అమ్మ ఖాతాకు పంపుతాను, ఆమె ఇస్తుంది" అనే ఉపాయం తరచుగా వినపడుతుంది. ఆ తల్లి తన సొంత పింఛను నుంచి ఇస్తే అది ఆమె విరాళం. కొడుకు డబ్బును దాటించే వంతెనగా ఆమెను వాడితే, రేపు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ ముసలమ్మే.

అమెరికాలోని దాతకు అక్కడి పన్ను మినహాయింపు కావాలంటే, అక్కడ 501(సి)(3) హోదా, అంటే అక్కడి పన్ను చట్టం కింద సేవాసంస్థగా గుర్తింపు, ఉన్న సంస్థకే ఇవ్వాలి. మన బడికి నేరుగా ఇచ్చినదానికి అది వర్తించదు. తానా, ఆటా వంటి అక్కడి తెలుగు సంఘాల ద్వారానో, ఇక్కడ పనిచేసే సేవాసంస్థల అమెరికా శాఖల ద్వారానో చాలామంది ఇందుకే ఇస్తారు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగి ఇచ్చినంతే కంపెనీ కూడా కలిపే పద్ధతి ఉంటుంది, అది సైతం ఇలాంటి సంస్థలకే. మన దేశంలో ఇచ్చేవారికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 80జి గుర్తింపు ఉన్న ట్రస్టు రసీదు పనికివస్తుంది కాని, 2,000 రూపాయలు మించిన నగదుకు ఆ మినహాయింపు లేదు. నగదు వద్దనడానికి ఇదొక మర్యాదైన కారణం కూడా.

డబ్బు గొడవ లేని దారి మరొకటి ఉంది. 2021 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన విద్యాంజలి పోర్టల్‌లో బడి తన యూడైస్ కోడుతో నమోదై, కావలసిన వస్తువులనూ సేవలనూ అక్కడ పెట్టవచ్చు. దాతలు, స్వచ్ఛంద సేవకులు వాటిలో ఎంచుకుని వస్తువు రూపంలో ఇస్తారు. డోనర్స్‌చూజ్ పద్ధతికి మన ప్రభుత్వ బడుల్లో దగ్గరగా ఉన్నది ఇదే. చిన్న కోరికలకు దీనినే మొదట వాడుకోమని నా సలహా.

అడగడం, ఎప్పుడు అడగడం

అడిగే ఉత్తరం కమిటీ అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుడు సంతకాలతో వెళ్లాలి. ఉపాధ్యాయుడి విదేశయాత్ర అందులో రెండు వాక్యాలకు మించకూడదు. ఒక పేజీ ఉత్తరం, ఒక పేజీ పట్టిక చాలు. పట్టికలో 1,500 రూపాయల వస్తువూ ఉండాలి, 60,000 రూపాయల వస్తువూ ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన పూర్వ విద్యార్థికి చిన్న వస్తువు కనిపించకపోతే సిగ్గుపడి ఊరుకుంటాడు.

కాలం ముఖ్యం. అమెరికాలో పన్ను సంవత్సరం డిసెంబరు 31తో ముగుస్తుంది కాబట్టి అక్కడివారు ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఇస్తారు. మన బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అక్టోబరులో ఉత్తరం, డిసెంబరులోగా హామీ, మార్చిలో కొటేషన్ల సవరణ, ఏప్రిల్‌లో బడి మూసేలోగా కొనుగోలు, జూన్‌లో వాడకం అన్నది కుదిరే క్రమం. జూన్‌లో అడిగితే వస్తువు సంక్రాంతికి వస్తుంది, అప్పటికి పదో తరగతి పిల్లలు పరీక్షల హడావిడిలో ఉంటారు.

కొనడం

వస్తువులను విదేశం నుంచి తెప్పించకండి. మా బడికి ఒకసారి ఒక పూర్వ విద్యార్థి ఎంతో ప్రేమతో పంపిన ప్రొజెక్టర్‌ను ప్లగ్గులో పెట్టిన క్షణంలోనే పొగ వచ్చింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనుక ఉన్న చీటీ చదవకపోవడం మా తప్పే. మరొకసారి వచ్చిన రెండు పెట్టెల ఇంగ్లీషు కథల పుస్తకాల్లో మంచు బొమ్మలూ హాలోవీన్ గుమ్మడికాయలూ తప్ప మా పిల్లలు గుర్తుపట్టగలిగింది ఏదీ లేదు. అవి బీరువాలో అందంగా ఉండిపోయాయి. పాత కంప్యూటర్ల దిగుమతికి అనుమతుల చిక్కు, కస్టమ్స్ సుంకం, రవాణా కలిపితే ఇక్కడ కొత్తవి కొనడమే చవక. పుస్తకాలకైతే మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురించే తెలుగు పిల్లల పుస్తకాలు ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ముద్రించుకోవచ్చు.

దుకాణానికి చెల్లింపు దాతో, ట్రస్టో నేరుగా చేయాలి. బిల్లు బడి పేరు మీద ఉండాలి. వస్తువు వచ్చిన రోజే ఇద్దరు కమిటీ సభ్యుల సమక్షంలో లెక్కపెట్టి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, ఆ పేజీ నంబరును బిల్లు మీద రాయాలి. ప్రతి విద్యుత్ పరికరానికీ మొదటే నిర్వహణ ఖర్చు కలిపి అడగండి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎవరు పోస్తారు, మంచినీటి యంత్రంలో ఫిల్టర్లు ఎవరు మారుస్తారు అన్నదానికి సమాధానం లేకపోతే రెండో ఏడు అవి గోడకు అలంకారాలే.

ఫ్యాను రెక్కల మీద, బల్లల మీద, బీరువా తలుపుల మీద దాత పేరు రాయించడం మనకు పాత అలవాటు. దాత కోరితే చిన్న అక్షరాలతో రాయించండి. అయితే శిలాఫలకానికయ్యే ఖర్చు వస్తువు ఖర్చులోంచి పోకుండా చూడాలి. ఆవిష్కరణ సభ పెట్టాలన్న ఒత్తిడి కూడా వస్తుంది, దానిని తల్లిదండ్రుల సమావేశం రోజుకే కలిపేస్తే ఒక బడి పూట మిగులుతుంది.

లెక్క తిరిగి పంపడం

వస్తువు వచ్చిన 30 రోజుల్లో ఒక ఉత్తరం, మూడు నెలల తరువాత మరొకటి వెళ్లాలి. మొదటిదానిలో బిల్లు, స్టాక్ రిజిస్టరు పేజీ నకలు ఉండాలి. రెండోదానిలో వాడకం గురించి ఉన్నదున్నట్టు రాయాలి. ఏడు సూక్ష్మదర్శినుల్లో ఒకటి పాడైతే పాడైందనే రాయండి. ఆ ఒక్క వాక్యం మిగిలిన ఆరింటి గురించి మీరు చెప్పినదాన్ని నమ్మిస్తుంది.

పిల్లల ముఖాల ఫోటోలు, ముఖ్యంగా చిరిగిన బట్టలు, ఖాళీ పళ్లేలు చూపించి జాలి పుట్టించేవి పంపకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. చట్టం సంగతి అటుంచినా, అదే పిల్లవాడు పదేళ్ల తరువాత ఆ ఫోటో చూసుకుంటాడు. సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూసి పిల్లలు గీసిన బొమ్మలు పంపితే చాలు, పాఠం జరిగిందని వాటిని చూస్తేనే తెలుస్తుంది.

విదేశంలో మీరు చూసి వచ్చిన తరగతితో వీడియో కాల్ కలపాలని అందరికీ ఆశ ఉంటుంది. మన ఉదయం తొమ్మిది గంటలకు న్యూయార్క్‌లో వేసవిలో రాత్రి పదకొండున్నర, శీతాకాలంలో పదిన్నర. బడివేళల్లో అది కుదరదు. ఉత్తరాలు, ముందుగా రికార్డు చేసిన ఐదు నిమిషాల ప్రశ్నోత్తరాలు మాత్రం బాగా నడుస్తాయి. "మీ బడిలో మధ్యాహ్నం ఏమి పెడతారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే రెండు వైపులా పిల్లలు ఆగకుండా రాస్తారు.

బదిలీ వచ్చినప్పుడు

ఈ పని మొదలుపెట్టిన ఉపాధ్యాయుడు ఏదో ఒక బదిలీల కౌన్సెలింగ్‌లో వెళ్లిపోతాడు. అందువల్ల మొదటి రోజు నుంచే ఫైలు బడి పేరిట ఉండాలి. దాతల చిరునామాల పుస్తకం ఉపాధ్యాయుడి ఫోన్‌లో కాకుండా బడి రిజిస్టరులో, ఉత్తరాలు బడి ఈమెయిల్‌లో ఉండాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలో స్టాక్ రిజిస్టరు పట్టుకుని గది గదికీ తిరిగి, ఉన్నవాటినీ పాడైనవాటినీ కనిపించనివాటినీ వేర్వేరుగా గుర్తించి, ఛార్జి జాబితా మూడు ప్రతులు రాయాలి. ఒకటి ప్రధానోపాధ్యాయుడికి, ఒకటి కమిటీకి, ఒకటి కొత్తగా వచ్చే ఉపాధ్యాయుడికి. దాతలకు చివరి ఉత్తరంలో ఆ కొత్త ఉపాధ్యాయుడి పేరు తెలియజేసి, బీరువా తాళాలు ఆయన చేతికిచ్చి, జాబితా మీద సంతకం తీసుకున్న తరువాతే రిలీవ్ కావాలి.